ఎక్స్ సర్వర్‌లో క్లయింట్ కనెక్షన్లు, మిగిలిపోయే సామాను: తరచుగా అడిగే ప్రశ్నలు

లినక్స్ డెస్క్‌టాప్ మీద ప్రోగ్రామ్‌లు రాసేవాళ్ళు, కాలేజీ ల్యాబుల్లో సిస్టమ్‌లు చూసుకునేవాళ్ళు నన్ను మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలివి. పైకి దేనికదే వేరుగా కనిపిస్తుంది గానీ, తవ్వుకుంటూ పోతే చాలావాటికి మూలం ఒక్కటే. లినక్స్ స్క్రీను మీద విండోలు చూపించే ఎక్స్ సర్వర్‌కి మీ ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) తెలియదు, మీ కనెక్షనే తెలుసు. ప్రాసెస్ బతికుందా చచ్చిందా అన్నది దానికి పట్టదు. ప్రోగ్రామ్, సర్వర్ మాట్లాడుకునే దారి అయిన సాకెట్ తెరిచి ఉందా మూసుకుందా అన్నదే లెక్క. ఈ ఒక్క మాట ఒంటబడితే సగం టెన్షన్ తగ్గుతుంది.

## అసలు సర్వర్ ఏది, క్లయింట్ ఏది? ఎప్పుడూ తికమకే.

స్క్రీను, కీబోర్డు, మౌసు ఎవరి చేతిలో ఉంటాయో అది సర్వర్. వాటిని వాడుకోవడానికి వచ్చే ప్రతి ప్రోగ్రామూ క్లయింటే: బ్రౌజర్, టెర్మినల్, చివరికి విండోలని సర్దే విండో మేనేజర్ కూడా. వెబ్‌లో సర్వర్ ఎక్కడో దూరాన ఉంటుంది కాబట్టి ఇక్కడ తలకిందులుగా అనిపిస్తుంది. ఎక్స్ 1984లో ఎంఐటీలో, బాబ్ షైఫ్లర్, జిమ్ గెటీస్‌ల చేతుల్లో మొదలైంది. ప్రోగ్రామ్ ఒక మెషీన్ మీద నడుస్తుంటే దాని బొమ్మ ఇంకో మెషీన్ మీద కనబడాలన్నది వాళ్ళ అవసరం. 1987లో వచ్చిన 11వ వెర్షన్నే ఇప్పటికీ వాడుతున్నాం. అందుకే దాని పేరు ఎక్స్11.

## కనెక్షన్ కుదిరేటప్పుడు లోపల ఏం జరుగుతుంది?

ఒకే మెషీన్ మీద అయితే టీఎంపీ ఫోల్డర్‌లో ఉండే యునిక్స్ సాకెట్ ద్వారా, నెట్‌వర్క్ మీద అయితే టీసీపీ పోర్టు 6000 ద్వారా క్లయింట్ తలుపు తడుతుంది. డిస్‌ప్లే నంబరు 1 అయితే 6001, 2 అయితే 6002, ఇలా. లినక్స్‌లో వాడే ఎక్స్ సర్వర్ పేరు ఎక్స్‌ఆర్గ్; ఇప్పటి ఎక్స్‌ఆర్గ్ మామూలుగా టీసీపీ తలుపు తెరవదు, అది మంచిదే.

క్లయింట్ పంపే మొట్టమొదటి బైటు పెద్ద బి గానీ చిన్న ఎల్ గానీ అయి ఉండాలి. తన మెషీన్‌లో బైట్ల వరస ఏదో చెప్పడానికి అది. తర్వాత ప్రోటోకాల్ వెర్షన్, ఆ తర్వాత గుర్తింపు కోసం కుకీ. హోమ్ ఫోల్డర్‌లో ఉండే ఎక్స్‌అథారిటీ ఫైల్లో దాచిన 128 బిట్ల రహస్య సంఖ్యే ఆ కుకీ. సర్వర్ ఒప్పుకుంటే బదులుగా స్క్రీన్ల వివరాలన్నీ ఇస్తుంది. వాటితోపాటు మనకి కావలసినవి రెండు సంఖ్యలు కూడా ఇస్తుంది: ఐడీల బేస్, ఐడీల మాస్క్. తర్వాతి కథంతా ఈ రెండింటి చుట్టూనే నడుస్తుంది.

## ఒక విండో ఏ క్లయింట్‌దో సర్వర్‌కి ఎలా తెలుస్తుంది?

ఐడీలోనే రాసి ఉంటుంది. ఎక్స్‌లో విండో, పిక్స్‌మ్యాప్ (తెర మీద కాకుండా సర్వర్ మెమరీలో ఉండే బొమ్మ), కర్సర్, ఫాంట్, గ్రాఫిక్స్ కాంటెక్స్ట్ (రంగు, గీత మందం లాంటి గీసే సెట్టింగులు) అన్నిటికీ 32 బిట్ల ఐడీ ఉంటుంది. పై మూడు బిట్లు ఎప్పుడూ సున్నా. మిగతా 29లో పై భాగం క్లయింట్ నంబరు (బేస్ చెప్పేది ఇదే), కింది భాగం ఆ క్లయింట్ సొంతంగా ఇచ్చుకునే నంబరు (మాస్క్ చూపేది ఈ బిట్లనే). మామూలు సెట్టింగులో 256 క్లయింట్లకు చోటు ఉంటుంది కాబట్టి పైన 8 బిట్లు, కింద 21 బిట్లు. అంటే ఒక్కో క్లయింట్‌కి 20,97,152 ఐడీలు.

చేత్తో చేసి చూడండి. విండో వివరాలు చూపే ఎక్స్‌విన్‌ఇన్ఫో కమాండ్ నడిపి ఏదో ఒక విండో మీద క్లిక్ చేస్తే హెక్స్‌లో (పదికి బదులు పదహారు ఆధారంగా రాసే లెక్కలో) 3200006 లాంటి సంఖ్య వస్తుంది. హెక్స్‌లోనే దాన్ని 200000తో భాగిస్తే 19 వస్తుంది, మన లెక్కలో 25. ఇది 25వ క్లయింట్ ఆరో నంబరు ఇచ్చుకున్న వస్తువు. ఇలాంటి ఐడీ ఎర్రర్ మెసేజ్‌లో కనబడినప్పుడు పై అంకెలు చూస్తే చాలు, తప్పు మన ప్రోగ్రామ్‌దా పక్కవాడిదా తేలిపోతుంది. ఎన్ని గంటల డీబగ్గింగ్ ఈ ఒక్క భాగహారంతో మిగిలిందో చెప్పలేను.

ఇంకో గొప్ప సంగతి ఉంది. ఐడీ ఎంచుకునేది క్లయింటే. కాబట్టి విండో సృష్టించమని పంపి, సర్వర్ బదులు కోసం ఆగకుండా వెంటనే ఆ ఐడీ మీద గీయడం మొదలుపెట్టొచ్చు. నెట్‌వర్క్ నెమ్మదిగా ఉన్న రోజుల్లో ఇది ప్రాణం పోసింది.

## ప్రోగ్రామ్ క్రాష్ అయితే దాని సామానంతా ఏమవుతుంది?

ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ అయిన కెర్నల్ ఆ ప్రాసెస్ సాకెట్లన్నీ మూసేస్తుంది. అవతలి చివర చదువుతున్న ఎక్స్ సర్వర్‌కి ఇక డేటా లేదని తెలుస్తుంది. అక్కణ్ణించి శుభ్రం చేసే పని మొదలవుతుంది. మీరు మర్యాదగా మూసినా, క్రాష్ అయినా, బలవంతంగా చంపే కిల్ మైనస్ 9 కొట్టినా సర్వర్ వైపు జరిగేది ఇదే.

ముందుగా పట్టులన్నీ వదిలిస్తుంది. ఆ క్లయింట్ మౌసునో కీబోర్డునో గ్రాబ్ చేసి (ఇంకెవరికీ అందకుండా తనే పట్టుకుని) ఉంటే వదిలిపోతుంది. సర్వర్‌నే గ్రాబ్ చేసి ఉంటే అదీ వదిలిపోతుంది. ఇది ముందుగా జరగడం ఎంత ముఖ్యమో ఆలోచించండి. ఒక మెనూ తెరిచినప్పుడు కీబోర్డు పట్టుకున్న ప్రోగ్రామ్ అదే క్షణంలో క్రాష్ అయి, పట్టు వదలకపోతే మీ మెషీన్ మొత్తం బిగుసుకుపోయేది. తర్వాత క్లిప్‌బోర్డు లాంటి సెలెక్షన్ల మీద యాజమాన్యం పోతుంది. వేరేవాళ్ళ విండోల మీద అది అడిగి పెట్టుకున్న ఈవెంట్ల కోరికలు చెరిగిపోతాయి. సేవ్-సెట్ అనే జాబితాలో ఉన్న ఇతరుల విండోలు క్షేమంగా బయటికి వస్తాయి, దాని గురించి కింద చెబుతాను. ఆఖరున ఆ క్లయింట్ సృష్టించిన విండోలు, పిక్స్‌మ్యాప్‌లు, ఫాంట్లు, కర్సర్లు, కలర్‌మ్యాప్‌లు అన్నీ నాశనమవుతాయి.

అంటే సర్వర్ వైపు మీ ప్రోగ్రామ్ ఎన్ని లీకులు చేసినా (తీసుకున్నది వదలకపోయినా), కనెక్షన్ తెగిన క్షణంలో మామూలుగా ఖాతా సున్నా అవుతుంది. నాకు ఎక్స్‌లో అన్నిటికంటే నచ్చేది ఇదే. ఎప్పుడో 1980లలో గీసిన హద్దు ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

## నా ప్రోగ్రామ్ చచ్చిపోయింది, ప్రాసెస్‌ల జాబితా చూపే పీఎస్‌లో కూడా లేదు. విండో మాత్రం అలాగే ఉంది. ఎందుకు?

కనెక్షన్ ఇంకా బతికే ఉంది కాబట్టి. రెండు దారుల్లో ఇలా జరుగుతుంది.

మొదటిది ఫోర్క్. మీ ప్రోగ్రామ్ ఎక్స్ కనెక్షన్ తెరిచాక ఫోర్క్ చేసింది, అంటే తన నకలుగా ఇంకో ప్రాసెస్‌ని (చైల్డ్‌ని) పుట్టించింది. చైల్డ్‌కి కూడా ఆ సాకెట్ కాపీ వచ్చింది. తర్వాత పేరెంట్ చచ్చిపోయింది, చైల్డ్ మాత్రం ఏదో ఫైలు కాపీ చేస్తూ బతికే ఉంది. సాకెట్‌ని పట్టుకున్నవాళ్ళు ఒక్కరు మిగిలినా కెర్నల్ దాన్ని మూయదు. సర్వర్ దృష్టిలో క్లయింట్ నిక్షేపంగా ఉన్నట్టే. చైల్డ్ వెంటనే ఎగ్జెక్ చేస్తే (తన చోట వేరే ప్రోగ్రామ్‌ని ఎక్కిస్తే) ఈ సమస్య రాదు. ప్రోగ్రామ్‌లు ఎక్స్‌తో మాట్లాడటానికి వాడే లైబ్రరీలు ఎక్స్‌లిబ్, ఎక్స్‌సీబీ రెండూ ఆ సాకెట్ మీద క్లోజ్-ఆన్-ఎగ్జెక్ (ఎగ్జెక్ కాగానే మూసుకో) గుర్తు పెడతాయి. ఎగ్జెక్ లేకుండా ఫోర్క్ మాత్రమే చేసేవాళ్ళకే ఈ తిప్పలు. ఎవరు ఏవి తెరిచారో చూపే ఎల్‌ఎస్‌ఓఎఫ్ నడిపి ఆ సాకెట్ ఇంకా ఎవరి దగ్గర ఉందో చూస్తే దొంగ దొరుకుతాడు.

రెండోది నెట్‌వర్క్. దూరపు మెషీన్ మీద ప్రోగ్రామ్ నడుస్తోంది, మధ్యలో వైఫై పోయింది, లేదా అవతల కరెంటు పోయింది. తెగిపోయానని చెప్పే ప్యాకెట్ కూడా పంపే అవకాశం అవతలివాడికి లేదు. ఇవతల సర్వర్‌కి ఏమీ పంపే పని లేకపోతే ఆ నిశ్శబ్దంలో తేడా తెలియదు. లినక్స్‌లో టీసీపీ కీప్‌అలైవ్ పెట్టుకున్నా, మామూలు విలువ ప్రకారం మొదటి పలకరింపే 7200 సెకన్ల తర్వాత, అంటే రెండు గంటలకి. దూరపు మెషీన్‌లోకి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా వాడేవాళ్ళు సర్వర్-అలైవ్-ఇంటర్వెల్‌ని 30 సెకన్ల దగ్గర పెట్టుకోండి. మూడు సార్లు జవాబు రాకపోతే ఎస్‌ఎస్‌హెచ్ తనే తెంపేస్తుంది, కిటికీలు ఖాళీ అవుతాయి.

## అయితే ఫోర్క్ చేశాక చైల్డ్‌లో ఎక్స్ క్లోజ్ డిస్‌ప్లే పిలిచేస్తే సరిపోతుందా?

పిలవకండి. పేరెంట్ కనెక్షన్ కూడా పోతుంది. ఆ ఫంక్షన్ ఊరికే ఫైల్ నంబరు మూసి ఊరుకోదు. బఫర్లో మిగిలిన రిక్వెస్టులు పంపుతుంది, సాకెట్‌ని రెండు వైపులా షట్‌డౌన్ చేస్తుంది. షట్‌డౌన్ అన్నది సాకెట్ మొత్తానికి వర్తిస్తుంది, మీ కాపీకి మాత్రమే కాదు. చైల్డ్‌లో చేయాల్సింది కనెక్షన్ నంబర్ అనే మాక్రోతో ఫైల్ నంబరు తెలుసుకుని, దాన్ని మామూలు క్లోజ్‌తో మూయడం. అంతే.

## "మ్యాగ్జిమమ్ నంబర్ ఆఫ్ క్లయింట్స్ రీచ్డ్" అని వస్తోంది. ఏం చేయాలి?

దీనికి నా అనుభవం ఒకటి చెప్పాలి. ఒక కాలేజీలో నోటీసు బోర్డు బదులు పెద్ద స్క్రీను పెట్టి, వెనక చిన్న లినక్స్ బాక్స్ తగిలించారు. నోటీసు మారినప్పుడల్లా బొమ్మ చూపించే ప్రోగ్రామ్ మూసుకుని మళ్ళీ తెరుచుకుంటుంది. పొద్దున ఆరింటికి ఆన్ చేస్తారు. పది దాటిన కాసేపటికి కొత్త నోటీసు రావడం ఆగిపోతుంది. రీస్టార్ట్ చేస్తే బాగుంటుంది, మళ్ళీ నాలుగు గంటలకి అదే గొడవ. వేడెక్కుతోందేమోనని ఫ్యాను పెట్టారు, కేబుల్ మార్చారు.

నేను వెళ్ళి చూస్తే లాగ్‌లో ఈ లైను ఉంది. ఎక్స్‌ఎల్‌ఎస్‌క్లయింట్స్ నడిపితే ముగ్గురే క్లయింట్లు కనబడ్డారు. ముగ్గురు ఉంటే నిండిపోవడమేంటి? ఎందుకంటే ఆ కమాండ్ చూపించేది విండో ఉన్నవాళ్ళని మాత్రమే. విండో లేకుండా ఊరికే కనెక్షన్ పట్టుకుని కూర్చున్నవాళ్ళు దాని కంటపడరు. క్లయింట్ల వారీగా సర్వర్ వాడకం చూపే ఎక్స్‌రెస్‌టాప్ నడిపితే అప్పుడు బయటపడింది: పేరు లేని, విండో లేని క్లయింట్లు స్క్రీను నిండా. ప్రాక్ కింద, అనుమానం ఉన్న ప్రాసెస్ తెరిచినవన్నీ కనబడే ఎఫ్‌డీ ఫోల్డర్ తెరిస్తే వందల సాకెట్లు.

మానిటర్ ఆన్‌లో ఉందో లేదో నిమిషానికోసారి చూసే చిన్న సీ ప్రోగ్రామ్ అది. డిస్‌ప్లే తెరుస్తుంది, అడుగుతుంది, ఆఫ్‌లో ఉంటే ఆన్ చేసి డిస్‌ప్లే మూస్తుంది. ఆన్‌లోనే ఉంటే? అక్కడికక్కడే రిటర్న్, మూసే లైను దాకా రాదు. నిమిషానికో కనెక్షన్, 256 పరిమితి, సర్వర్ తనకోసం ఉంచుకునేది, డెస్క్‌టాప్ మొదట్లోనే వాడుకునేవి తీసేస్తే నాలుగు గంటల చిల్లర. గడియారం పెట్టినట్టు సరిపోయింది. రిటర్న్‌కి ముందు ఒక్క లైను చేరిస్తే తీరిపోయింది.

కాబట్టి ఈ మెసేజ్ చూడగానే పరిమితి పెంచే ఆప్షన్ కోసం వెతక్కండి, ముందు ఎవరు తెరిచి మూయడం లేదో చూడండి. పెంచడానికి మ్యాక్స్-క్లయింట్స్ అనే ఆప్షన్ ఉంది, కొత్త వెర్షన్లలో 2048 దాకా పోవచ్చు. కానీ క్లయింట్ బిట్లు పెరిగితే ఐడీ బిట్లు తగ్గుతాయి. 2048 మందికి 11 బిట్లు పోతే ఒక్కొక్కరికి 18 బిట్లు, అంటే 2,62,144 ఐడీలే మిగులుతాయి. ప్రోటోకాల్ అడిగే కనీస హద్దు కూడా సరిగ్గా 18 బిట్లే, అంతకంటే కిందికి దిగలేరు.

## ప్రాసెస్‌ల వాడకం చూపే టాప్‌లో చూస్తే ఎక్స్‌ఆర్గ్ మెమరీ పెరుగుతూనే ఉంది. సర్వర్‌లో లీకా?

చాలాసార్లు కాదు. లీకు మీ ప్రోగ్రామ్‌లో ఉంటుంది, బిల్లు సర్వర్ పేరు మీద వస్తుంది. పిక్స్‌మ్యాప్ సృష్టించమని మీరు అడిగితే ఆ మెమరీ సర్వర్ దగ్గర ఉంటుంది. మీ వైపు ఉండేది నాలుగు బైట్ల ఐడీ మాత్రమే. ఆ ఐడీ ఉన్న వేరియబుల్ మీద ఇంకో ఐడీ రాసేస్తే మీ ప్రోగ్రామ్‌లో మెమరీ లీకులు పట్టే వాల్‌గ్రైండ్ పెట్టినా ఏమీ కనబడదు.

లెక్క చూడండి. 1920 బై 1080 సైజులో, పిక్సెల్‌కి 4 బైట్లతో ఒక పిక్స్‌మ్యాప్ అంటే 82,94,400 బైట్లు, సుమారు 8 ఎంబీ. విండో సైజు లాగుతున్నప్పుడు ప్రతి అడుగుకీ కొత్త బ్యాక్ బఫర్ (తెర మీదకి పంపే ముందు గీసుకునే పిక్స్‌మ్యాప్) తయారుచేసి పాతది వదలకపోతే, ఒక్కసారి మౌసు లాగితే వంద అడుగులు, దాదాపు 800 ఎంబీ. ఇలా రాసిన కోడు నేను ఒకటి కాదు, చాలా చూశాను.

ఎక్స్‌రెస్‌టాప్ ఇక్కడ కూడా మన స్నేహితుడే. ఎక్స్-రిసోర్స్ అనే ఎక్స్‌టెన్షన్ ద్వారా ఒక్కో క్లయింట్ పేరు మీద ఎన్ని విండోలు, ఎన్ని పిక్స్‌మ్యాప్‌లు, వాటి బైట్లు ఎన్ని అని సర్వర్‌నే అడిగి చూపిస్తుంది. పిక్స్‌మ్యాప్ కాలమ్ పెరుగుతున్న వరస పట్టుకుని, ఆ ప్రోగ్రామ్ మూసి చూడండి. ఎక్స్‌ఆర్గ్ వాడకం దబ్బున దిగితే లీకు ఎక్కడుందో తెలిసిపోయినట్టే. దిగకపోతే వెంటనే సర్వర్‌ని అనుమానించకండి, ఎందుకంటే విడుదల చేసిన మెమరీని, మెమరీ పంచిపెట్టే మ్యాలక్ కెర్నల్‌కి వెంటనే తిరిగి ఇవ్వకపోవచ్చు.

## విండోని డిస్ట్రాయ్ చేస్తే దానికి సంబంధించినవన్నీ పోతాయి కదా?

పిల్ల విండోలు పోతాయి. వాటి మీద పెట్టిన ప్రాపర్టీలు (విండోకి తగిలించే చిన్న సమాచారాలు) పోతాయి. ఆ విండో కోసం మీరు చేసుకున్న పిక్స్‌మ్యాప్, గ్రాఫిక్స్ కాంటెక్స్ట్, కర్సర్ పోవు. వాటిని మీరే విడిగా వదలాలి.

చాలామందికి తెలియని సులువు ఒకటుంది. పిక్స్‌మ్యాప్‌ని విండో బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టిన మరుక్షణమే ఫ్రీ చేసేయొచ్చు. ఫ్రీ అంటే ఐడీకీ ఆ వస్తువుకీ ఉన్న ముడి విప్పడం మాత్రమే. విండో ఇంకా వాడుతుంటే సర్వర్ ఆ మెమరీని ఉంచి, విండో పోయినప్పుడు వదులుతుంది. కర్సర్‌కి కూడా ఇంతే. సృష్టించు, తగిలించు, వదిలేయి: ఈ మూడూ పక్కపక్క లైన్లలో రాస్తే తర్వాత గుర్తుపెట్టుకోవాల్సిన బాధ ఉండదు.

## కనెక్షన్ పోయినా వస్తువులు మిగలాలంటే దారి ఉందా?

ఉంది. సెట్ క్లోజ్-డౌన్ మోడ్ అనే రిక్వెస్టు. మూడు పద్ధతులు: అన్నీ నాశనం చేయి, శాశ్వతంగా ఉంచు, తాత్కాలికంగా ఉంచు. మొదటిదే మామూలు పద్ధతి.

దీన్ని అందరూ రోజూ వాడతారు, తెలియకుండా. డెస్క్‌టాప్ వాల్‌పేపర్ పెట్టే ఈసెట్‌రూట్ లాంటి ప్రోగ్రామ్ ఒక్క క్షణం వచ్చి పిక్స్‌మ్యాప్ తయారుచేసి వెళ్ళిపోతుంది. దాని సామాను కూడా పోతే, పారదర్శకంగా కనిపించాలనుకునే టెర్మినల్‌కి ఆ బొమ్మ దొరకదు. అందుకని శాశ్వతంగా ఉంచు అని చెప్పి, ఆ పిక్స్‌మ్యాప్ ఐడీని రూట్ విండో (అన్నిటి వెనక స్క్రీనంతా పరుచుకున్న విండో) మీద ఒక ప్రాపర్టీలో రాసి వెళ్తుంది. రేపు ఇంకో వాల్‌పేపర్ పెట్టడానికి వచ్చే ప్రోగ్రామ్ ఆ ఐడీ చదివి, కిల్-క్లయింట్ రిక్వెస్టుతో పాత సామాను తీసేయించి, తనది పెడుతుంది. ఈ రెండో పని మరిచిపోయే వాల్‌పేపర్ స్క్రిప్టులు సొంతంగా రాసుకునేవాళ్ళు ఉన్నారు. పది నిమిషాలకోసారి బొమ్మ మారిస్తే గంటకి ఆరు పిక్స్‌మ్యాప్‌లు, యజమాని లేకుండా పడి ఉంటాయి. కనెక్షన్ లేదు కాబట్టి కిల్ చేయడానికి ప్రాసెస్ కూడా ఉండదు. నా సలహా ఒక్కటే: నిజంగా వాల్‌పేపర్ లాంటి పని అయితే తప్ప ఈ మోడ్ జోలికి పోవద్దు.

తాత్కాలికంగా ఉంచినవాటిని మొత్తం ఒకేసారి ఊడ్చేయడానికి కిల్-క్లయింట్‌కి ఐడీ బదులు సున్నా ఇస్తే చాలు.

## ఎడిటర్‌లో కాపీ చేసి దాన్ని మూసేశాను. పేస్ట్ చేస్తే ఏమీ రావడం లేదు.

ఎక్స్‌లో కాపీ చేయడమంటే ఎక్కడా దాచడం కాదు, నా దగ్గరుంది అని చెప్పుకోవడం మాత్రమే. పేస్ట్ చేసేటప్పుడు అవతలి ప్రోగ్రామ్ మీ ఎడిటర్‌ని అడిగి తీసుకుంటుంది. ఎడిటర్ కనెక్షన్ తెగగానే సర్వర్ ఆ యాజమాన్యం కొట్టేస్తుంది, ఇక అడగడానికి మనిషి లేడు. క్లిప్‌బోర్డు మేనేజర్ నడుస్తుంటే, బుద్ధిగల ప్రోగ్రామ్ మూసుకునే ముందు నా దగ్గరున్నది తీసుకో అని దానికి అప్పగించి వెళ్తుంది. క్రాష్ అయితే ఆ అప్పగింతకి సమయం ఉండదు. కాపీ చేసిన వెంటనే కాపీ తీసుకుని పెట్టుకునే క్లిప్‌బోర్డు మేనేజర్లు ఉన్నాయి, అలాంటిది పెట్టుకోండి.

## విండో మేనేజర్ క్రాష్ అయితే అన్ని విండోలూ పోవాలి కదా? పోవడం లేదే?

మంచి ప్రశ్న. విండో మేనేజర్ మీ విండో చుట్టూ టైటిల్ బార్ ఉన్న ఫ్రేమ్ కడుతుంది. అంటే మీ విండో దాని ఫ్రేమ్‌కి పిల్ల అవుతుంది. మేనేజర్ పోతే ఫ్రేమ్ పోవాలి, ఫ్రేమ్‌తో పిల్లలు పోవాలి. అలా జరగకుండా ఆపేదే సేవ్-సెట్. ఫ్రేమ్‌లో పెట్టే ముందే మేనేజర్ ఆ విండోని తన సేవ్-సెట్‌లో చేరుస్తుంది. దాని కనెక్షన్ తెగినప్పుడు, నాశనం మొదలవకముందే సర్వర్ ఆ విండోలని బయటి పేరెంట్‌కి మార్చి, దాగి ఉంటే మళ్ళీ కనబడేలా చేస్తుంది. టైటిల్ బార్లు లేని విండోలు ఒకదాని మీద ఒకటి కుప్పగా కనబడి కంగారు పడతారు గానీ, మీ పని అంతా భద్రంగానే ఉంటుంది. టెర్మినల్‌లోంచి విండో మేనేజర్‌ని మళ్ళీ నడిపితే చాలు.

## క్రాస్ గుర్తు నొక్కడానికీ, ఎక్స్‌కిల్‌కీ, కిల్ కమాండ్‌కీ తేడా ఏంటి?

క్రాస్ గుర్తు ఒక మనవి. విండో మేనేజర్ మీ ప్రోగ్రామ్‌కి డిలీట్-విండో అనే మెసేజ్ పంపుతుంది. ఫైలు సేవ్ చేయాలా అని అడగడం, మూయడం, అసలు పట్టించుకోకపోవడం ప్రోగ్రామ్ ఇష్టం. కిల్ కమాండ్ ప్రాసెస్ మీద దెబ్బ. ఎక్స్‌కిల్ మాత్రం కనెక్షన్ మీద దెబ్బ: ఈ విండో ఎవరిదో వాళ్ళ కనెక్షన్ తెంపు అని సర్వర్‌ని అడుగుతుంది. ప్రాసెస్‌ని అది ముట్టుకోదు. మామూలుగా ఎక్స్‌లిబ్ కనెక్షన్ తెగగానే ప్రోగ్రామ్‌ని ఎగ్జిట్ చేయిస్తుంది కాబట్టి ప్రాసెస్ కూడా పోయినట్టు కనబడుతుంది. ఏదో లూప్‌లో ఇరుక్కుని సాకెట్ వైపు చూడని ప్రోగ్రామ్ అయితే, విండో మాయమైనా ప్రాసెస్ సీపీయూ తింటూ వెనక ఉండిపోతుంది. ఎక్స్‌కిల్ కొట్టాక టాప్ ఒకసారి చూసుకోండి.

## మధ్యమధ్యలో బ్యాడ్-విండో ఎర్రర్ వచ్చి ప్రోగ్రామ్ ఆగిపోతోంది.

మీరు వేరేవాళ్ళ విండోల మీద పని చేస్తున్నారు, మీ రిక్వెస్టు సర్వర్‌కి చేరేలోపు ఆ విండో పోయింది. ఎంత జాగ్రత్తగా ముందు చూసుకున్నా ఈ సందు పూడదు. ఎర్రర్ హ్యాండ్లర్ పెట్టుకుని, బ్యాడ్-విండోని మామూలు వార్తలా తీసుకోవాలి. విండో మేనేజర్లు, టాస్క్‌బార్లు రాసేవాళ్ళకి ఇది తప్పనిసరి.

## సర్వర్ క్రాష్ అయ్యాక మళ్ళీ మొదలవడం లేదు. ఆల్రెడీ యాక్టివ్ అంటోంది.

టీఎంపీలో డాట్ ఎక్స్0-లాక్ అనే చిన్న ఫైలు ఉంటుంది, అందులో పాత సర్వర్ పీఐడీ (ప్రాసెస్ నంబరు) రాసి ఉంటుంది. ఆ పీఐడీ ఇప్పుడు ఇంకేదో ప్రాసెస్‌కి వచ్చి ఉంటే సర్వర్ పొరబడుతుంది. నిజంగా ఎక్స్‌ఆర్గ్ నడవడం లేదని చూసుకుని ఆ ఫైలు తీసేయండి.

## వేలాండ్‌కి మారితే ఇవన్నీ పోతాయా?

కొన్ని పోతాయి, కొన్ని రూపం మార్చుకుంటాయి. ఎక్స్‌కి బదులుగా 2008లో క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ మొదలుపెట్టిన వేలాండ్‌లో కూడా కనెక్షనే హద్దు, సాకెట్ మూసుకుంటే ఆ క్లయింట్ వస్తువులన్నీ పోతాయి. కానీ ఐడీలు ఎవరికి వారివే. నా 7 మీ 7 ఒకటి కాదు. పక్క క్లయింట్ విండోని ఐడీతో పట్టుకునే మార్గమే లేదు కాబట్టి బ్యాడ్-విండో గొడవ, ఎక్స్‌కిల్ గొడవ రెండూ లేవు. వాడేసిన ఐడీ మళ్ళీ వాడుకోవచ్చని డిలీట్-ఐడీ అనే ఈవెంట్ చెబుతుంది, అది వచ్చేదాకా క్లయింట్ ఆగాలి. లాక్ ఫైలు మీద కూడా కెర్నల్ తాళం వేస్తారు, ప్రాసెస్ చస్తే తాళం దానంతటదే ఊడుతుంది.

కఠినమైన మార్పు ఒకటుంది. ఎక్స్‌లో తప్పు రిక్వెస్టు పంపితే ఎర్రర్ వస్తుంది, కనెక్షన్ బతికే ఉంటుంది. వేలాండ్‌లో ప్రోటోకాల్ తప్పు చేస్తే కనెక్షన్ అక్కడితో సరి. నా అభిప్రాయంలో ఇదే మేలు: తప్పు దాగి ఉండి నెలల తర్వాత బయటపడదు.

పాత ఎక్స్ ప్రోగ్రామ్‌లు ఎక్స్‌వేలాండ్ (వేలాండ్ మీద నడిచే ఎక్స్ సర్వర్) లోపల నడుస్తాయి, అక్కడ పైన చెప్పినవన్నీ అలాగే వర్తిస్తాయి. ఎక్స్‌వేలాండ్ చస్తే దాని లోపలి ప్రోగ్రామ్‌లన్నీ ఒకేసారి పోతాయి.

## నేనే చిన్న కంపోజిటర్ (వేలాండ్‌లో సర్వర్ పని చేసే ప్రోగ్రామ్) రాస్తున్నాను. శుభ్రం చేసే కోడు ఎలా రాయాలి?

ఎక్స్‌ఆర్గ్ సోర్స్‌లో డిక్స్ ఫోల్డర్‌లో రిసోర్స్ డాట్ సీ అనే ఫైలు తీరిగ్గా చదవండి. ప్రతి రకం వస్తువుకీ ఒక డిలీట్ ఫంక్షన్ నమోదై ఉంటుంది, క్లయింట్ పోయినప్పుడు దాని జాబితా తీసుకుని ఒక్కొక్కటే పిలుస్తారు. అందులో ఒక చిన్న విషయం నాకు చాలా నేర్పింది. జాబితా మొత్తం పోయేదే కదా అని తొందరపడకుండా, ఒక్కో వస్తువు తీసేటప్పుడల్లా జాబితా తలని సరిచేస్తారు. ఎందుకంటే రంగులని వదిలే ఫంక్షన్ తన పని మధ్యలో కలర్‌మ్యాప్‌ని ఐడీతో వెతుకుతుంది. సగం కూల్చిన జాబితాలో వెతికితే ప్రమాదం. శుభ్రం చేసే కోడు నడుస్తుండగానే ఇంకో కోడు ఆ వస్తువులని చూస్తుందని అనుకునే రాయాలి.

అలా అనుకోకపోతే ఏమవుతుందో 2023లో బయటపడిన సీవీఈ-2023-1393 అనే భద్రతా లోపం చూపిస్తుంది. కంపోజిట్ ఎక్స్‌టెన్షన్‌లో ఓవర్‌లే విండో అని ఒకటుంది. క్లయింట్ దాన్ని నేరుగా డిస్ట్రాయ్ చేస్తే విండో పోయేది గానీ, స్క్రీన్ స్ట్రక్చర్‌లో దాన్ని చూపే పాయింటర్ అలాగే మిగిలిపోయేది. తర్వాత ఆ పాయింటర్ వాడితే విడుదలైన మెమరీ మీద చెయ్యి పడుతుంది. విండో డిస్ట్రాయ్ అయినప్పుడు ఆ పాయింటర్‌ని నల్ చేయడమే దిద్దుబాటు.

వేలాండ్ లైబ్రరీ వాడితే ఇదే జాగ్రత్త డిస్ట్రాయ్ లిసనర్ల (వస్తువు పోతున్నప్పుడు కబురు అందుకునే ఫంక్షన్ల) రూపంలో వస్తుంది. ఏ వస్తువుకి పాయింటర్ దాచుకున్నా దాని డిస్ట్రాయ్ సిగ్నల్‌కి లిసనర్ పెట్టండి, మీ వస్తువు ముందు పోతే ఆ లిసనర్‌ని జాబితాలోంచి తీయండి. రెండో సగం మరిచిపోవడమే ఎక్కువ జరుగుతుంది. క్లయింట్ ఒక్కసారిగా తెగితే, సర్ఫేస్ (క్లయింట్ బొమ్మ ఉండే పలక) ముందు పోతుందా దాని మీద కట్టిన టాప్‌లెవెల్ (విండో) ముందు పోతుందా అన్నదానికి ప్రోటోకాల్ క్రమం హామీ ఇవ్వదు. రెండు వరసల్లోనూ పరీక్షించండి. పరీక్షకి కష్టపడక్కర్లేదు: మెమరీ తప్పులు పట్టే అడ్రెస్ శానిటైజర్‌తో బిల్డ్ చేసి, ఒక టెర్మినల్ తెరిచి, మెనూ దించి, మెనూ కనబడుతుండగానే ఇంకో చోటినుంచి ఆ టెర్మినల్‌ని కిల్ మైనస్ 9 కొట్టండి. తర్వాత విండో లాగుతుండగా ఒకసారి, కాపీ చేసి పేస్ట్ జరుగుతుండగా ఒకసారి, మౌసు బటన్ నొక్కి పట్టుకుని ఉండగా ఒకసారి.